శివారు గ్రహానికి నీళ్ళు వదిలేదెవరు? సైన్స్ ఫిక్షన్ ఆటకి ఏ సోర్స్‌బుక్ ఎందుకు

బల్ల చుట్టూ కూర్చుని తలో పాత్రా తీసుకుని, మాటలతో, పాచికలతో కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆట అది. ఓడ దిగగానే ఆటగాళ్ళు బార్‌కి వెళ్తారని, ఆట నడిపించే జీఎం (గేమ్ మాస్టర్) లెక్క. బార్ యజమాని పేరు, అక్కడి గొడవ, గొడవ వెనక గూఢచారి అన్నీ సిద్ధం. ఈలోగా ఓ ఆటగాడు, "ఇంతమందికి తాగునీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? ఆ పైపులు ఎవరి చేతిలో ఉన్నాయి?" అంటాడు. ఇక జీఎం దగ్గర ఉండేది ముప్పై సెకన్లు. ఆ ముప్పై సెకన్లలో జవాబు అందించేదే పనికొచ్చే సోర్స్‌బుక్. మిగతావి చదువుకోడానికి బాగుంటాయి, అంతే.

రాజులు, రాక్షసుల ఆటల్లో ఈ ఇబ్బంది తక్కువ. ఊరంటే అందరికీ ఊరే. చెరువు, సత్రం, గుడి, సంత ఉంటాయని ఎవరూ చెప్పక్కర్లేదు. అంతరిక్షం ఆటలో ఆ ఉమ్మడి తెలివిడి ఉండదు. ఒక్కో గ్రహానికీ గాలి వేరు, బరువు వేరు, చట్టం వేరు, యంత్రాల స్థాయి వేరు. అందుకే ఈ రకం ఆటలకి పుస్తకాలు ఎక్కువ కావాలి. అందుకే కొత్త జీఎంలు అవసరానికి మించి పోగేసేదీ ఇక్కడే. హార్డ్ డిస్కులో నలభై పీడీఎఫ్‌లున్నా ఆదివారం మధ్యాహ్నం ఆటకి మూడు పేజీలు కూడా చేతికందవు.

గందరగోళం పేరులోనే మొదలవుతుంది. సోర్స్‌బుక్ అనే మాటకింద నాలుగు వేర్వేరు సరుకులు అమ్ముతారు. పాచికలు ఎలా వెయ్యాలో చెప్పేది రూల్‌బుక్. ఫలానా సామ్రాజ్యం, దాని చరిత్ర, దాని మ్యాపు చెప్పేది సెట్టింగ్ పుస్తకం. ఒక కథని మొదట్నుంచి చివరిదాకా నడిపించేది మాడ్యూల్. మీ ప్రపంచాన్ని మీరే తయారుచేసుకోడానికి పట్టికలు, పద్ధతులు ఇచ్చేది టూల్‌కిట్. మొదటి మూడింటికీ ఎంత పేరున్నా, జీఎం బతుకు తేలిక చేసేది నాలుగోదే. ఇక్కడ ఎక్కువ మాట్లాడేది దాని గురించే.

సెట్టింగ్ పుస్తకాలని తీసిపారేయడమూ తప్పే. 1987లో వెస్ట్ ఎండ్ గేమ్స్ స్టార్ వార్స్ ఆటని తెచ్చి, దానితో పాటు ఒక సోర్స్‌బుక్ కూడా వేసింది. సినిమాలో పేరు లేకుండా కనపడి పోయిన జాతులకి పేర్లు, ఓడలకి కొలతలు పెట్టింది ఆ పుస్తకాలే. తర్వాత టిమోతీ జాన్ 1991లో మొదలైన తన స్టార్ వార్స్ నవలలు రాస్తున్నప్పుడు, లూకాస్‌ఫిల్మ్ ఆయనకి రిఫరెన్సుగా పంపింది కూడా ఈ ఆట పుస్తకాలనే. ఆట కోసం రాసిన వివరం చివరికి అసలు కథకే ఆధారమైంది. అయితే ఆ వివరాలన్నీ ఆ ఒక్క విశ్వానికే అతుకుతాయి.

ఎనిమిది గుర్తుల్లో ఒక గ్రహం

సైన్స్ ఫిక్షన్ ఆటల్లో 1976లో వచ్చిన మెటమార్ఫసిస్ ఆల్ఫా మొదటిది. కానీ ఇప్పటికీ అందరూ వాడుతున్న పనిముట్లు ఇచ్చింది 1977లో మార్క్ మిల్లర్ రాయగా గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ వేసిన ట్రావెలర్. చిన్న పెట్టెలో మూడు నల్ల అట్టల పుస్తకాలు. ఆట మొదలవకముందే, పాత్రని తయారుచేసే దశలోనే మీ పాత్ర చనిపోవచ్చన్న నియమంతో పేరుపడిన ఆట. ఆ నియమం సంగతి అటుంచితే, జీఎంకి కావలసింది మూడో పుస్తకం: గ్రహాలు తయారుచేసే పద్ధతి.

దీనికి కావలసింది రెండు మామూలు ఆరు ముఖాల పాచికలు. లూడో పెట్టెలోవి చాలు. రెండూ కలిపి వేసి 2 తీసేస్తే గ్రహం సైజు. రెండు పాచికల్లోంచి 7 తీసి సైజు కలిపితే గాలి. మళ్ళీ 7 తీసి సైజు కలిపితే నీళ్ళు. కొన్ని తర్వాతి ముద్రణల్లో నీళ్ళకి సైజు బదులు గాలి అంకె కలుపుతారు, అది గమనించండి. జనాభాకి 2 తీసేస్తారు. ప్రభుత్వానికి 7 తీసి జనాభా కలుపుతారు. చట్టం కాఠిన్యానికి 7 తీసి ప్రభుత్వం కలుపుతారు. చివర ఒక్క పాచికకి సవరణలు కలిపితే టెక్ లెవెల్, అంటే యంత్రాల స్థాయి. ముందు వరసలో ఓడరేవు స్థాయి, ఎ నుంచి ఇ దాకా, అసలు రేవే లేకపోతే ఎక్స్.

ఒకటి వేసి చూద్దాం. రేవుకి 7 పడింది, సి స్థాయి. సైజుకి 7, అంటే 5. గాలికి 6, అంటే 4. నీళ్ళకి 4, అంటే 2. జనాభాకి 11, అంటే 9. ప్రభుత్వానికి 6, అంటే 8. చట్టానికి 8, అంటే 9. టెక్ పాచిక మీద 3 పడింది. సి రేవుకి 2, 9 జనాభాకి 2 కలిస్తే 7. మొత్తం రాస్తే సి542989-7.

ఇది ఫోన్ నంబర్‌లా కనపడుతుంది గానీ చదవడం వస్తే ఊరి చరిత్ర అంతా ఇందులోనే ఉంటుంది. దాదాపు 8,000 కిలోమీటర్ల వ్యాసం. పలచని, కలుషితమైన గాలి, బయటికొస్తే ఫిల్టర్ మాస్కు ఉండాల్సిందే. ఉపరితలంలో ఇరవై శాతమే నీళ్ళు. జనం మాత్రం వందల కోట్లు. పాలన ఉద్యోగస్వామ్యం, అంటే ఆఫీసులు, ఫైళ్ళు, సంతకాలు. చట్టం ఎంత కఠినమంటే ఇంటి బయట ఆయుధం పట్టుకోకూడదు. యంత్రాలు మన 1970ల నాటివి.

కొత్తవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు. "ఇంత తక్కువ నీళ్ళలో, పాడు గాలిలో అంత జనమా? పాచికలు తేడా కొట్టాయి" అని మళ్ళీ వేస్తారు. వెయ్యకండి. పొసగని అంకెలు పడ్డాయంటే కథ అక్కడే దొరికిందన్నమాట. అంతమంది, అంత తక్కువ నీళ్ళు, పైన ఆఫీసర్ల రాజ్యం. మరి నీళ్ళు వదిలేదెవరు?

కృష్ణా డెల్టాలో ఉన్నవాళ్ళకి దీని జవాబు పుస్తకంలో వెతుక్కోవాల్సిన పని లేదు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. దాని కింద దాదాపు 13 లక్షల ఎకరాలు. ఎగువ గేటు ఎత్తాలా వద్దా అన్నది ఇంజనీర్ల మాట. కానీ దుగ్గిరాల లాకుల దగ్గరో, ఇంకా దిగువన తూము దగ్గరో నిలబడి పలక పైకి తిప్పేవాడు లస్కరు. కాలవ చివర శివారు భూముల రైతుకి చీఫ్ ఇంజనీరు ఎవరో తెలియకపోవచ్చు, లస్కరు ఇల్లు మాత్రం తెలుస్తుంది. వంతులవారీ పెట్టినప్పుడు తమ వంతు రాత్రి రెండింటికి వస్తే టార్చిలైటు పట్టుకుని గట్టు మీద కాపలా పడుకునేది ఆ రైతులే.

ఇదే మన గ్రహం. పేరు శివారు. ఎగువ నగరాల్లో అధికారుల సంతకాలు, దిగువ డోముల్లో నాలుగు రోజులకోసారి వచ్చే నీళ్ళు, మధ్యలో కవాటం చక్రం పట్టుకున్న ఒక చిన్న ఉద్యోగి. ఆటగాళ్ళు ఎవరితో బేరం పెట్టాలో, ఎవరిని బెదిరిస్తే ఊరు తిరగబడుతుందో తేలిపోయింది. తుపాకులు ఓడలోనే వదిలి దిగాలి కాబట్టి మాటలతోనే నెట్టుకురావాలి. ఎనిమిది గుర్తులు, పది నిమిషాలు.

ట్రావెలర్‌కి ముద్రణలు ఎక్కువ, ఏది కొనాలో తేలక చాలామంది అక్కడే ఆగిపోతారు. 1987లో మెగాట్రావెలర్, 1993లో న్యూ ఎరా, 2008లో మంగూస్ వాళ్ళ ముద్రణ, 2016లో దాని రెండో ముద్రణ, 2022లో దానికి సవరణ. నియమాలు మారినా గ్రహం రాసే ఈ గుర్తుల వరస దాదాపు అన్నిట్లో అదే. కాబట్టి ఆడటానికి 2022ది తీసుకుని, నక్షత్రాల మ్యాపులిచ్చే పాత సెక్టార్ పుస్తకాలు ఏ ముద్రణవైనా వాడుకోవచ్చు.

ఫైనాన్స్ లారీ, ఫైనాన్స్ ఓడ

ఆటోనగర్‌లో లారీ ఉన్నవాళ్ళకి ట్రావెలర్ డబ్బు లెక్క ఒక్క నిమిషంలో ఎక్కుతుంది. ఓడ కొనాలంటే ఐదోవంతు ముందు కట్టాలి. తర్వాత నెలనెలా ఓడ ధరలో 240వ వంతు చొప్పున 480 నెలలు, అంటే నలభై ఏళ్ళు.

పాత నియమాల్లో 200 టన్నుల ఫ్రీ ట్రేడర్ ధర 3 కోట్ల 70 లక్షల 80 వేల క్రెడిట్లు. నెల వాయిదా 1,54,500. సరుకు గది 82 టన్నులు. టన్నుకి కిరాయి వెయ్యి. ఒక జంప్‌కి, అంటే నక్షత్రం నుంచి నక్షత్రానికి దూకడానికి, వారం పడుతుంది, దిగి ఎక్కించుకోడానికి ఇంకో వారం, కాబట్టి నెలకి రెండు ట్రిప్పులు. గది నిండా సరుకు దొరికినా వచ్చేది 1,64,000. వాయిదా పోగా మిగిలేది 9,500. పైలట్, ఇంజనీర్, డాక్టర్, స్టీవార్డ్ జీతాలు కలిపి 15,000. జంప్‌కి ఓడ టన్నుల్లో పదోవంతు, అంటే 20 టన్నుల ఇంధనం. శుద్ధి చేసింది టన్ను 500 చొప్పున రెండు ట్రిప్పులకి 20,000. నలుగురి గదులకి గాలి, తిండి 16,000. నెల తిరిగేసరికి 41,500 లోటు. పవర్‌ప్లాంట్ ఇంధనం, రేవు ఫీజు, ఏటా చేయించే సర్వీసింగ్ ఇంకా కలపనే లేదు.

ఈ లోటు కావాలని పెట్టిందే. సక్రమంగా కిరాయి తోలుకుంటే ఓడ జప్తు అవుతుంది. అందుకే ప్రయాణికుల్ని ఎక్కించాలి, సొంత పెట్టుబడితో సరుకు కొని పందెం కాయాలి, లేదా అడక్కూడని పెట్టె ఒకటి తీసుకెళ్ళాలి. గ్యాస్ జెయింట్ (గురుడి లాంటి వాయుగ్రహం) పైపొరల్లోంచి ఇంధనం పీల్చుకుంటే ఉచితమే గానీ అది శుద్ధి చేయనిది, జంప్ తేడా పడే ప్రమాదం ఉంటుంది. కిరోసిన్ కలిపిన డీజిల్‌తో బండి నడిపినట్టే. జీఎం కొత్తగా కథ అల్లాల్సిన పని లేదు, వాయిదా తేదీ చెప్తే చాలు.

ఇక్కడ చెడేది ఒకటే. లెక్కలు ఆటని మింగేస్తాయి. నాలుగు గంటల సెషన్‌లో గంటన్నర ధరల పట్టిక మీద పోతే మిగతా ముగ్గురూ ఫోన్లు తీస్తారు. మందు కూడా సులువే. లెక్కలంటే ఇష్టమున్న ఒక్కరిని గుమాస్తాగా పెట్టండి. కొనుగోళ్ళు, అమ్మకాలు సెషన్‌కి ముందు రోజే వాట్సాప్‌లో తేల్చేసుకోండి. ఆట బల్ల మీదికి రావలసింది చివరి అంకె ఒక్కటే.

రెండు ట్యాగులు, ఒక చిక్కు

ట్రావెలర్ గుర్తులు గ్రహం ఎలా ఉందో చెప్తాయి. ఈ వారం అక్కడ ఏం జరుగుతోందో చెప్పవు. ఆ పని కెవిన్ క్రాఫర్డ్ రాసిన స్టార్స్ వితౌట్ నంబర్ చేస్తుంది. మొదటిది 2010లో వచ్చింది, ఇప్పుడు వాడాల్సింది రివైజ్డ్. దానికి ఉచిత ముద్రణ కూడా ఉంది, జీఎంకి అవసరమైన పద్ధతులు దాదాపు అన్నీ అందులోనే దొరుకుతాయి. పైసా ఖర్చు లేకుండా ఒక్క పుస్తకమే కావాలంటే ఇదే.

దీని గుండెకాయ వరల్డ్ ట్యాగులు. ప్రతి గ్రహానికీ పట్టికలోంచి రెండు ట్యాగులు వేస్తారు. ఒక్కో ట్యాగు కింద ఐదు జాబితాలు: శత్రువులు, మిత్రులు, చిక్కులు, వస్తువులు, చోట్లు. చాలామంది ట్యాగు పేరు చదివి ఆగిపోతారు. 'డెజర్ట్ వరల్డ్' అని పడితే ఇసుక గ్రహం అనుకుని ఊరుకుంటారు. అసలు విలువ ఆ ఐదు జాబితాల్లో ఉంది, అందులోనూ రెండు ట్యాగుల్నీ కలపడంలో ఉంది. ఒకదాని శత్రువుకి ఇంకోదాని వస్తువు మీద కన్ను పెట్టించండి.

'లోకల్ స్పెషాలిటీ' అనే ట్యాగు పడిందనుకుందాం, అంటే ఈ గ్రహంలో మాత్రమే దొరికే పేరుమోసిన సరుకు. ఆ సరుకు ఏమిటన్నది పెద్ద విషయం కాదు. దాని చుట్టూ ఎవరు బతుకుతారన్నదే ఆట. గుంటూరు మిర్చి యార్డులో ఒక పొద్దున నిలబడితే పాత్రలు వాటంతటవే వస్తాయి. టిక్కీలు దించే ముఠా కూలీలు, కాటా వేసే దడవాయి, రైతుకి ముందే అప్పిచ్చి సరుకు తన కొట్టుకే రప్పించుకున్న కమీషన్ ఏజెంటు, గుప్పెట్లోకి కాయలు తీసుకుని తాలు ఎంతుందో చూపుతోనే చెప్పి ధర తగ్గించే కొనుగోలుదారు. ధర నచ్చకపోతే సరుకు కోల్డ్ స్టోరేజీకి పోతుంది. అక్కడిచ్చే బాండు మీద మళ్ళీ అప్పు పుడుతుంది.

ఇందులో వస్తువు ఏది? ఆ బాండు. ఒకే సరుకు మీద రెండు బాండ్లు పుట్టాయనుకోండి, రెండోది ఆటగాళ్ళ చేతిలో పడిందనుకోండి. చోటు ఏది? చలి గిడ్డంగి, తలుపు బయట్నుంచి మాత్రమే తెరుచుకునేది. తుపాకీ పేలకుండానే రెండు సెషన్లు నడుస్తుంది.

ఇదే పుస్తకంలో ఫ్యాక్షన్ పద్ధతి ఉంది. పెద్ద సంస్థలకి బలం, కపటం, సంపద అని మూడు అంకెలిచ్చి, ఆటగాళ్ళ వెనక వాటి ఎత్తుగడలు పాచికలతో నడిపిస్తారు. బాగా పనిచేస్తుంది, కానీ అతిగా వాడితే జీఎం ఒక్కడే ఇంట్లో కూర్చుని చదరంగం ఆడుకుంటున్నట్టు ఉంటుంది. మూడు ఫ్యాక్షన్లు చాలు. రెండు సెషన్లకోసారి ఒక వంతు. ప్రతి వంతు ఫలితం ఆటగాళ్ళకి ఒక వార్తగానో, పెరిగిన ధరగానో, మూసిన దారిగానో కనపడాలి. అలా కనపడని వంతు వేసినా వెయ్యనట్టే.

ఒక మనిషి, ఆరు నిజాలు

తక్కువమందికి తెలిసిన పాత చిన్న పుస్తకం ఒకటుంది. 1980లో ట్రావెలర్‌కి ఆరో సప్లిమెంటుగా వచ్చిన 76 పేట్రన్స్. పని పెట్టే మనుషుల జాబితా. ఫలానా వ్యక్తి ఫలానా పని చేసిపెట్టమంటాడు, ఇంత ఇస్తానంటాడు. దాని కింద, అసలు సంగతి ఏమిటన్నదానికి ఒకటి కాదు, ఆరు దాకా వేర్వేరు జవాబులు. పాచిక వేసి ఏది నిజమో జీఎం తేల్చుకుంటాడు.

పుస్తకం దొరక్కపోయినా ఈ పద్ధతి దొంగిలించండి. శివారు గ్రహం మీద ఒక లస్కరు వచ్చి, 'ఎగువ కవాటం విడిభాగం తెచ్చిపెట్టండి, రసీదు అక్కర్లేదు' అంటాడు. ఒకటి: చెప్పింది చెప్పినట్టే, ఆఫీసులో ఫైలు కదలక అడుగుతున్నాడు. రెండు: విడిభాగం బాగానే ఉంది, పాతది అమ్ముకుంటాడు. మూడు: దిగువ జనం అతని కూతుర్ని పట్టుకున్నారు. నాలుగు: అతను అసలు లస్కరే కాదు, ఉద్యోగం పోయి ఆర్నెల్లయింది. ఐదు: ఆ భాగం బిగిస్తే ఎగువ నగరం మునుగుతుంది, అతనికా సంగతి తెలియదు. ఆరు: తెలుసు.

ఏ నిజం పడినా ఆటగాళ్ళకి మొదట కనపడే మనిషి ఒక్కడే కాబట్టి సిద్ధం చేసుకోవాల్సింది ఒక్క సన్నివేశమే. ఆటగాళ్ళలో ఎవరైనా ఇదే కథ ముందు ఆడి ఉన్నా ఇబ్బంది లేదు.

భయపెట్టాలంటే వేరే అల్మారా

వ్యాపారం, రాజకీయం కాకుండా ఒక్క సాయంత్రం గుండె దడ పుట్టించాలంటే మదర్‌షిప్. టూజ్‌డే నైట్ గేమ్స్ వాళ్ళది, 2018లో మొదటి రూపం వచ్చింది. ప్లేయర్స్ సర్వైవల్ గైడ్ పీడీఎఫ్ ఉచితం. ఒత్తిడి అంకె 2 దగ్గర మొదలవుతుంది, పరీక్ష తప్పినప్పుడల్లా పెరుగుతుంది. భయం పరీక్షకి ఇరవై ముఖాల పాచిక వేసి ఒత్తిడి కంటే ఎక్కువ తెచ్చుకోవాలి. 2 దగ్గర తప్పే అవకాశం పదిశాతం, 10 దగ్గర సగానికి సగం. ఆటగాళ్ళు తమ అంకె పెరగడం కళ్ళారా చూస్తుంటారు. జీఎం గొంతు మార్చి భయపెట్టాల్సిన పనుండదు.

డబ్బు పెట్టి కొనాల్సింది మాత్రం జీఎం పుస్తకం, వార్డెన్స్ ఆపరేషన్స్ మాన్యువల్. భయం కథని ఐదు మెట్లుగా కట్టడం నేర్పిస్తుంది: ఎవరో హద్దు దాటారు, అపశకునాలు కనపడ్డాయి, అది బయటపడింది, దాన్ని తరిమారు, అది మళ్ళీ నిద్రపోయింది. మన ఊళ్ళో దెయ్యం కథలన్నీ ఈ వరసలోనే నడుస్తాయి, చింతచెట్టు బదులు ఎయిర్‌లాక్, అంతే తేడా. ఏ ఆట నడిపేవాళ్ళకైనా పనికొచ్చే పుస్తకమిది. అదే ఆటకి వచ్చిన ఎ పౌండ్ ఆఫ్ ఫ్లెష్‌లో అంతరిక్ష కేంద్రం ఒకటుంది, అక్కడ పీల్చే గాలికి పన్ను కట్టాలి. ఆ ఒక్క నియమం తీసి మీ గ్రహంలో పెట్టి చూడండి, ప్రతి అప్పూ ప్రాణం మీదికొస్తుంది.

మిగతావాటి గురించి గబగబా. గర్ప్స్ స్పేస్ నాలుగో ముద్రణ, 2006ది, నక్షత్రం దగ్గర్నుంచి ఉపగ్రహం దాకా భౌతికశాస్త్రం ప్రకారం కట్టిస్తుంది. కాల్‌క్యులేటర్, ఓపిక రెండూ కావాలి, ముఖ్యమైన ఒక్క సౌరమండలానికి వాడండి. ఎక్లిప్స్ ఫేజ్ క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వచ్చింది, డబ్బుకి కాకుండా పంచుకుంటే చట్టబద్ధమే. కానీ కొత్తవాళ్ళకి మొదటి ఆటగా పెట్టొద్దు, నేపథ్యం చదవడానికే వారం పడుతుంది. 2019లో ఫ్రీ లీగ్ తెచ్చిన ఏలియన్ ఒక్కసారి ఆడే సాయంత్రాలకి భేషుగ్గా ఉంటుంది. ఐరన్‌స్వోర్న్ స్టార్‌ఫోర్జ్‌డ్‌లో ఉన్న ప్రశ్న-జవాబు పట్టికలు, ఆదివారానికి ఆటగాళ్ళు కుదరక ఒంటరిగా మిగిలినవాళ్ళకి. ఓడల క్యాటలాగులు, తుపాకుల క్యాటలాగులు మాత్రం చివరికి కొనండి. బొమ్మలు బాగుంటాయి, బల్ల మీద ఒక్కసారీ తెరవరు.

కలపడం, చెడగొట్టడం

ఇన్ని ఆటల నుంచి తెచ్చుకున్నవి ఒకచోట నడుస్తాయా? నడుస్తాయి, పేర్లు తీసుకుని అంకెలు వదిలేస్తే. మనుషులు, చోట్లు, వస్తువులు, కోరికలు ఏ ఆటలోకైనా వస్తాయి. పాచికల సవరణలు రావు. ఇరవై ముఖాల ఆటలో ఒక్క అంకె కలిస్తే ఐదు శాతం మారుతుంది. రెండు ఆరు ముఖాల పాచికలతో 8 తెచ్చుకోవాలంటే 36లో 15 సార్లు, దాదాపు 42 శాతం. ఒక్కటి కలిపితే 58, రెండు కలిపితే 72, నాలుగు కలిపితే 92. ఇరవై ముఖాల ఆట నుంచి "ప్లస్ 4 తుపాకీ" అని అంకెతో సహా తెచ్చి ట్రావెలర్‌లో పెడితే ఇక ఎవరి గురీ తప్పదు.

దూరాల గురించి గూడా ఒక్క సూత్రం పెట్టుకుంటే ఏ పుస్తకమూ తెరవక్కర్లేదు. సగం దారి వేగం పెంచుకుంటూ, సగం తగ్గించుకుంటూ వెళ్తే పట్టే కాలం, దూరాన్ని త్వరణంతో భాగించి, వర్గమూలం తీసి, రెండుతో గుణిస్తే వస్తుంది. మీటర్లు, సెకన్లలో వెయ్యండి. ట్రావెలర్‌లో జంప్ కొట్టాలంటే గ్రహానికి వంద వ్యాసాల దూరం పోవాలి. శివారుకి అది ఎనిమిది లక్షల కిలోమీటర్లు, ఒక జీ (భూమి ఆకర్షణకి సమానమైన) త్వరణంతో ఐదు గంటలు. భూమికీ సూర్యుడికీ ఉన్నంత దూరమైతే 69 గంటలు. రేడియో మాట మాత్రం అంత దూరానికి 8 నిమిషాల 20 సెకన్లలో చేరుతుంది. వెంటాడేవాళ్ళు ఐదు గంటల్లో ఏం చెయ్యగలరో ఇక మీరే ఆలోచించుకోవచ్చు. నక్షత్రం నుంచి నక్షత్రానికి వార్త ఓడలోనే వెళ్తుంది కాబట్టి, ముందు జంప్ కొట్టినవాడి దొంగతనం అవతలి రేవుకి వారం దాకా తెలియదు.

ఇక బల్ల దగ్గరికి. ఈ పుస్తకాలు విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో దొరుకుతాయని తిరగడం దండగ, పీడీఎఫ్‌లే దిక్కు. అయితే పుస్తకమంతా ప్రింటు తియ్యొద్దు. నల్ల నేపథ్యం పేజీలు టోనర్ తాగేస్తాయి, మడిస్తే అక్షరాలు ఊడతాయి. జిరాక్స్ షాపులో ఎనిమిది ఎ4 కాగితాలు చాలు: గ్రహం గుర్తుల అర్థాలు ఒకటి, వాడబోయే రెండు ట్యాగులు ఒకటి, భయం పట్టిక ఒకటి, పేర్ల జాబితా ఒకటి, ఓడ లెక్క ఒకటి, సెక్టార్ మ్యాపు ఒకటి, రెండు ఖాళీవి. మ్యాపు అడ్డం 8, నిలువు 10 షట్కోణాలు, ట్రావెలర్‌లో సబ్‌సెక్టార్‌కీ స్టార్స్ వితౌట్ నంబర్‌లో సెక్టార్‌కీ అదే కొలత. పది, ఇరవై ముఖాల పాచికలు ఆన్‌లైన్లో తెప్పించుకునేదాకా ఫోన్ యాప్ వాడుకోవచ్చు.

ఇంగ్లీషు వర్ణనలు పైకి చదివి వినిపించడం ఆటని చల్లారుస్తుంది. పేజీలోంచి మూడు నామవాచకాలు ఎంచుకుని తెలుగులో సొంతంగా చెప్పండి. తుప్పు వాసన, తడి గోడ, ఆగిన ఫ్యాను. ఇంకో సంగతి, ఏ సోర్స్‌బుక్కులోనూ ఉండనిది. తెలుగులో మనిషి నోరు తెరవగానే హోదా తెలిసిపోతుంది. అండీ అంటాడా, ఏమయ్యా అంటాడా, బాబాయ్ అంటాడా, ఏరా అంటాడా అన్నది ముందే తేల్చుకోకపోతే జీఎం ఆడించే పాత్రలన్నీ ఒకే గొంతుతో మాట్లాడతాయి. ప్రతి పాత్రకీ చిన్న చీటీ రాసుకుని పలకరింపు మొదటి వరసలో పెట్టండి. లస్కరు చీటీ ఇలా ఉంటుంది:

కెప్టెన్‌ని 'సార్' అంటాడు, మిగతావాళ్ళని 'తమ్ముడూ'. ఇంజనీర్ల మాటొస్తే 'వాళ్ళు' అని గొంతు తగ్గిస్తాడు. కావలసింది: కవాటం విడిభాగం. దాచేది: పాచిక వెయ్యాలి. చేతిలో: చక్రం తిప్పే ఇనుప కడ్డీ, ఎప్పుడూ కింద పెట్టడు.